నడిచి పోదగిన దూరం

తెలుగులో నడవనిదంటూ లేదు. సంసారం నడుస్తుంది, బడి నడుస్తుంది, వ్యాపారం నడుస్తుంది, కోర్టులో వ్యాజ్యం నడుస్తుంది, రైలు సైతం నడుస్తుంది. మనిషి ప్రవర్తనను నడత అంటాం, నడవడి అంటాం. ఇంత పలుకుబడి సంపాదించుకున్న మాట మనిషి కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరువు పోగొట్టుకుంది. "నడిచి వచ్చారా?" అని మన మధ్యతరగతి ఇళ్ళలో అడిగే ప్రశ్నలో జాలి ఎంత వుంటుందో అనుమానమూ అంతే వుంటుంది. బండి పాడయిందా, లేక డబ్బుకు ఇబ్బందిగా వుందా అని. అదే మనిషి తెల్లవారుజామున బూట్లు తొడుక్కుని "వాకింగ్‌కు వెళ్ళొచ్చాను" అంటే ఎవరూ జాలిపడరు. ఆరోగ్యం సంగతి తెలిసినవాడని మెచ్చుకుంటారు. ఒకే పనికి రెండు మాటలు ఏర్పడ్డాయన్నమాట. పని మీద పోయేవాడిది నడక. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేవాడిది వాకింగ్. భాషలో ఇలాంటి చీలిక ఊరికే రాదు. సంఘంలో వున్న చీలికే మాటల్లోకి దిగుతుంది.

ఈ సంగతి తీరికగా ఆలోచించవలసిన అవసరం నాకు ఇల్లు వెతుక్కునేటప్పుడు వచ్చింది. గుంటూరులో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి, రెండేళ్ళ క్రితం హైదరాబాదు నడిబొడ్డున, నారాయణగూడ దగ్గరున్న ఒక కళాశాలకు మారాను. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఇంటి గుర్తు చెప్పాలంటే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని చెబితే చాలు. కొత్తవాడు కూడా అంకెలు లెక్కపెట్టుకుంటూ కాలినడకన ఇంటికి చేరతాడు. హైదరాబాదులో దూరాన్ని ఎవరూ అలా చెప్పరు. నిమిషాల్లో చెబుతారు, ఆ నిమిషాలు కూడా బండి నిమిషాలు. "ట్రాఫిక్ లేకపోతే అరగంట" అంటారు. ట్రాఫిక్ లేని రోజు ఏదని మాత్రం అడగకూడదు.

నాకు సలహా చెప్పినవాళ్ళందరూ మేలు కోరినవాళ్ళే. "ఊరి చివర తీసుకోండి మాస్టారూ, అదే అద్దెకు రెండు గదులు ఎక్కువొస్తాయి. మెట్రో వుండనే వుంది, లేదా ఒక బండి కొనుక్కోండి" అన్నారు. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. గది ఎంత, అద్దె ఎంత అన్నంతవరకూ అది సరైన లెక్కే. కాని ఆ లెక్కలో ఒక మనిషి జీవితంలో రోజుకు రెండు మూడు గంటలు ఎవరి ఖాతాలో పడతాయో లేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికవర్గం నెత్తురు ధారపోసింది. ఇవాళ ఉద్యోగి పనికి పోవడానికీ రావడానికీ పెట్టే గంటలను పనిలో జమకట్టే యజమాని లేడు, సెలవులో జమకట్టే ప్రభుత్వమూ లేదు. వూళ్ళో భూమి ధర పెరిగినకొద్దీ పనిచేసేవాడు దూరంగా జరుగుతాడు. అతను జరిగిన దూరమంతా అతని ఆయుష్షులోంచి తగ్గుతుంది.

మనుచరిత్ర పాఠం చెప్పేవాణ్ణి కనుక నాకు ప్రవరుడు గుర్తుకు వచ్చాడు. సిద్ధుడు పాదలేపం ఇచ్చాడు. ప్రవరుడు అడుగు వేయనక్కరలేకుండా హిమాలయానికి పోయాడు. మంచుకు లేపం కరిగిపోయింది. ఇక తిరిగి రావడానికి దారి లేదు. వరూధిని దగ్గర అతను చూపిన నిగ్రహాన్ని గురించి మన విమర్శకులు చాలా రాశారు. ఇల్లు వెతుక్కునేవాడికి ఆ కథలో ఇంకొక సంగతి కనిపిస్తుంది. నడవకుండా పోయినవాడు, నడిచి తిరిగి రాలేని చోట చిక్కుకున్నాడు. చివరకు అగ్నిదేవుడు ఆదుకుంటేగాని ఇల్లు చేరలేదు. మనకు పెట్రోలు పాదలేపం. దాని ధర పెరిగిన రోజున, బండి చెడిన రోజున, రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయిన రోజున, మోకాళ్ళు బండి నడపనివ్వని వయసున ఆ లేపం కరిగిపోతుంది. అప్పుడు ఏ దేవుణ్ణి పిలవాలి?

అందుచేత నేను ఒక్క కొలత పెట్టుకున్నాను. లేపం లేకుండా బతకగలిగిన పేట కావాలి. దాన్ని కనిపెట్టే పద్ధతి కూడా కాళ్ళదే. బ్రోకరు ఇల్లు చూపించేది ఆదివారం మధ్యాహ్నం. అప్పుడు ఏ వీధయినా మంచి వీధే. నేను పనిరోజున పొద్దున ఎనిమిదిన్నరకూ, మళ్ళీ రాత్రి తొమ్మిదికీ వెళ్ళి నడిచి చూశాను. గుమ్మం దిగి పావుగంటలో కూరగాయలు, మందుల దుకాణం, బస్సు ఆగే చోటు అందుతాయా? కాలిబాట మీది నుంచి ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగవలసి వస్తోంది? పరుగెత్తకుండా రోడ్డు దాటే చోటు ఒక్కటయినా వుందా? వాన వెలిసిన గంటకు నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి? రాత్రి తొమ్మిదికి ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారా? ముసలివాళ్ళు ఎక్కడయినా కూర్చోగలుగుతున్నారా? ఇవేవీ ఇంటి ప్రకటనల్లో వుండవు. కాని అద్దె చీటీ మీద సంతకం పెట్టేముందు తెలుసుకోవలసినవి ఇవే.

మొదట చూసినది ఊరికి ఉత్తరాన, పెద్ద ప్రహరీ లోపల వున్న అపార్టుమెంట్లు. లోపల చెట్లున్నాయి, దీపాలున్నాయి, మెత్తటి నడకదారి కూడా వుంది. అది భవనాల చుట్టూ తిరిగి మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తుంది. గేటు దాటితే మాత్రం కాలిబాట లేని పెద్ద రోడ్డు. కరివేపాకు కట్ట కావాలన్నా ఫోను చేయాలి. ఫోను చేస్తే పది నిమిషాల్లో ఒక కుర్రవాడు బండి మీద పరుగెత్తుకొస్తాడు. మనం నడక మానుకోలేదు, ఆ కుర్రవాడి చేత పరుగెత్తిస్తున్నాం, అంతే. మా అమ్మ అంతా చూసి, "ఇల్లు బాగుందిరా, కాని ఇక్కడ నాకు కాళ్ళు లేనట్టే" అంది. అరవై దాటిన మనిషి, ఎవరి సాయం లేకుండా బజారుకు వెళ్ళి బేరమాడి తెచ్చుకోగలిగినంతకాలం ఇంటికి యజమానురాలు. అది పోయిన రోజున, ఎంత ప్రేమగా చూసుకున్నా, ఆమె ఇంట్లో ఒక బరువు. పేటను ఎన్నుకోవడమంటే అమ్మ స్వాతంత్ర్యాన్ని ఎన్నుకోవడం కూడా అని నాకు ఆ మాటతో తెలిసింది.

చివరకు నల్లకుంటలో ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో చేరాం. కళాశాలకు ఇరవై అయిదు నిమిషాల నడక. కూరగాయల బజారు, ఫీవర్ ఆసుపత్రి దగ్గర. చిక్కడపల్లిలో సిటీ కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సభ ముగిసిన తరువాత మిత్రులతో మాట్లాడుకుంటూ ఇంటికి నడిచి రావచ్చు. సభలో తేలని సంగతులు చాలావరకు ఆ దారిలోనే తేలుతాయి. జీతంలో మూడోవంతు అద్దెకు పోతోంది. ఊరి చివర అయితే నాలుగోవంతుతో సరిపోయేది. తేడా సొమ్ముతో నేను కొనుక్కున్నది నడక.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. నడక కొనుక్కోవలసిన వస్తువు ఎలా అయింది?

పాత పేటలు నడకకు అనువుగా వుండటం వాటిని కట్టినవాళ్ళ మంచితనం కాదు. 1591లో చార్మినారు కట్టి ఈ నగరాన్ని నెలకొల్పిన కాలంలో ఊరి కొలత మనిషి అడుగే. పల్లకీలో పోయే ప్రభువు కూడా బోయీల నడక వేగంతోనే పోవాలి. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టీ దుకాణాల ముందు రాతి కమానుల వసారాలున్నాయి. ఎండావానల్లో కూడా జనం వాటి కింద నడిచి సరుకులు కొనుక్కోవచ్చు. కొనేవాడు నడిచి వస్తాడు కనుక వ్యాపారానికి నీడ అవసరమయింది. నల్లకుంట, చిక్కడపల్లి లాంటి పేటల్లో గుమాస్తాలు, పంతుళ్ళు, చిన్న వర్తకులు ఇళ్ళు కట్టుకున్నప్పుడు ఇంటింటికీ బండి లేదు. అంచేత బడి, బజారు, డాక్టరు అందుబాటులో వుండక తప్పలేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయిన తరువాత పడమటి దిక్కున పెరిగిన నగరానికి ఆ నిర్బంధం లేదు. అక్కడ కొనేవాడు కారులో వస్తాడని ముందే అనుకున్నారు. భూమిని పెద్ద పెద్ద ముక్కలుగా అమ్మారు, ముక్కకొక ప్రహరీ లేచింది. రెండు ప్రహరీల మధ్య మిగిలింది రోడ్డు. రోడ్డు మీద మిగిలినవాడు పాదచారి.

నడవడానికి వీలున్న పాత పేటలు కొన్నే. కోరేవాళ్ళు ఎక్కువ. అంచేత అద్దె పెరుగుతుంది. పెరిగిన అద్దె భరించలేనివాడు, అంటే బండి లేనివాడు, నడక ఎవరికి అత్యవసరమో వాడు, నడవడానికి వీలులేని చోటికి తరిమివేయబడతాడు. ధరల సూత్రం ఎంత న్యాయంగా పనిచేస్తుందో చూడండి!

డబ్బున్నంత మాత్రాన కూడా చాలదు. ఇల్లు చూడటానికి వెళ్ళిన చోటల్లా వంటింటి కొలతలకన్నా ముందు వచ్చిన ప్రశ్న "మీరేమిట్లు?" అన్నది. నేను జవాబు చెప్పకుండా లేచి వచ్చిన ఇళ్ళున్నాయి. అలా లేచి రావడం నాకు కొంత సులభం, ఇంకొక ఇంటికి పోగలను కనుక. నాతోపాటు పనిచేసే ఒక ముస్లిం మిత్రుడికి ఆ ప్రశ్న కూడా ఎదురు కాలేదు. పేరు వినగానే ఇల్లు ఖాళీ లేకుండా పోయేది. కళాశాలకు నడిచి రాగలిగిన పేటలో మూడు నెలలు వెతికి, రెండు బస్సులు మారి వచ్చే చోట స్థిరపడ్డాడు. అతని జీతమూ నా జీతమూ ఒకటే. కులమూ మతమూ ఊరి పటం మీద దూరాలుగా మారడం ఇలాగే జరుగుతుంది. "మంచి పేట" అని మనం ముచ్చటపడే చోట మంచితనం ఎవరెవరిని బయట నిలబెట్టి సంపాదించుకున్నదో అడగకపోతే మన అభ్యుదయం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇక నడక ఎంచుకోనివాళ్ళున్నారు, నడక తప్పనివాళ్ళు. మా వీధిలో నాలుగిళ్ళు పనిచేసే ఆమె రైలుపట్టాల అవతలి బస్తీ నుంచి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం కదా, బస్సులో రాకూడదా అని అడిగితే నవ్వింది. "బస్సు ఫిరీనే సార్, గని మా బస్తీ కాడికెల్లి ఈడికి బస్సేడిది? బస్టాపు దాంక నడిసే బదులు పనికాడికే నడిసి అస్త" అంది. ఉచిత బస్సు మేలయిన పని, కాదనను. ఎందరో ఆడవాళ్ళకు అది ఊరిని దగ్గర చేసింది. కాని ప్రతి బస్సు ప్రయాణానికీ రెండు చివరల నడక వుంటుంది. ఆ రెండు చివరలనూ ప్రభుత్వాలు చూడటం లేదు.

2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయేతర రంగాల్లో పనికి వెళ్ళేవాళ్ళు ఎలా వెళతారని అడిగారు. దేశం మొత్తం మీద బస్సుకన్నా, సైకిలుకన్నా, మోటారు సైకిలుకన్నా, కారుకన్నా కాలినడకన పోయేవాళ్ళే ఎక్కువని తేలింది. అంటే నడక ఈ దేశంలో అల్పసంఖ్యాకుల కోరిక కాదు. అయినా ఎక్కువమంది చేసే ఆ పనికి రోడ్డులో వాటా అందరికన్నా తక్కువ. దాని ఫలితం కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల్లోనే వుంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. సుమారు ప్రతి అయిదుగురిలో ఒకరు. కూటికోసం పట్నం బయలుదేరి దారిలో కూలిపోయిన మనిషిని శ్రీశ్రీ 'బాటసారి'లో చూపించాడు. ఇవాళ అతను పట్నం చేరుతున్నాడు. చేరి, రోడ్డు దాటుతూ చనిపోతున్నాడు.

ఎంగెల్సు 1845లో ఇంగ్లండు కార్మికవర్గ పరిస్థితిని గురించి రాసిన పుస్తకంలో మాంచెస్టరు నగరాన్ని వర్ణించాడు. ఊరి చివర మేడల్లో వుండే ధనికుడు రోజూ ఊరి మధ్యనున్న వ్యాపారానికి వచ్చిపోతాడు. దారికి రెండు వైపులా దుకాణాల వరస వుండటం వల్ల వాటి వెనక నున్న కార్మికుల మురికివాడలు అతని కంట పడకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. మన ఎత్తుదారులు ఆ దుకాణాల వరసకన్నా బాగా పనిచేస్తున్నాయి. వాటి మీద పోయేవాడికి బస్తీ కనపడకపోవడమే కాదు, వినపడదు కూడా. 1872లో ఇళ్ళ సమస్య మీద రాస్తూ ఎంగెల్సు ఇంకొక మాట తేల్చాడు. బూర్జువావర్గం ఇళ్ళ సమస్యను తీర్చే పద్ధతి ఒక్కటే, దాన్ని ఒక చోట నుంచి ఇంకొక చోటికి జరపడం. 2023లో హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ళ సముదాయాన్ని ప్రారంభించారు. ఇల్లు లేనివాడికి ఇల్లు ఇవ్వడం గొప్ప సంగతే. 2024లో మూసీ నదీగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేసి కొన్ని కుటుంబాలను అలాంటి ఇళ్ళకే తరలించారు. కాని ఊరి మధ్య నాలుగిళ్ళలో పనిచేసే మనిషికి ఊరి చివర ఇల్లిస్తే ఆమెకు దొరికినది ఇల్లూ, పోయినది పనీ. గోడలు, కప్పు మాత్రమే ఇల్లు కాదు. ఆ గుమ్మం నుంచి నడిచిపోతే అందే పని, బడి, బజారు కూడా ఇంటిలో భాగం. నేను పేటను ఎంచుకున్నాను. ఆమెకు పేటను కేటాయించారు. మా ఇద్దరి మధ్యనున్న వర్గభేదం ఈ రెండు క్రియల్లో పూర్తిగా కనిపిస్తుంది.

కాలిబాట సంగతి రాగానే మన చదువుకున్నవాళ్ళు తోపుడుబండి మీద పడతారు. కాలిబాటంతా వాళ్ళే ఆక్రమించారంటారు. నేను మా దారిలో చూసినంతవరకు కాలిబాటకు మొదటి శత్రువు నిలిపి వుంచిన కారు. ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మరు, ప్రకటన బోర్డు, ఇంటి ముందు కట్టిన వాలు. నడక తప్పనివాళ్ళకు రెండు రూపాయలు తక్కువకు టమాటాలు అమ్మేది తోపుడుబండే. రాత్రి తొమ్మిది దాటాక వీధిలో దీపం పెట్టుకుని కూర్చునేది ఇడ్లీబండి మనిషే. ఆ వెలుతురు చూసుకునే మా కళాశాల ఆడపిల్లలు హాస్టలుకు నడిచి పోతారు. వీధి వర్తకులను చోటు చూపించకుండా తరమకూడదని 2014లో పార్లమెంటు చట్టం చేసింది. నడిచేవాడికీ అమ్మేవాడికీ తగువు పెట్టి, ఇద్దరి చోటునూ కారుకు ఇవ్వడం పాత ఎత్తుగడ. అందులో మనం పడకూడదు.

చట్టాలకూ కొలతలకూ లోటు లేదు. నివాస ప్రాంతాల్లో అడ్డంకులు లేని కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరినొకరు తప్పుకుని పోవడానికి సరిపడే వెడల్పు అది. నడవదగిన కాలిబాట వుండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు అన్నది. మా వీధిలో 1.8 మీటర్లు వరసగా దొరికే చోటు నాకు ఇంతవరకు కనిపించలేదు. హక్కు కాగితం మీద నుంచి రోడ్డు మీదికి దిగాలంటే దించేవాళ్ళు కావాలి.

ఆ దించే పని మన సంఘాలది. అధ్యాపక సంఘాలు ఇంటి అద్దె భత్యం పెంచమని అడుగుతున్నాయి, అడగవలసిందే. కాని భత్యం పెరిగితే అద్దె పెరుగుతుంది, కాలిబాట పెరగదు. విద్యార్థి సంఘాలు బస్సు పాసుల కోసం పోరాడుతున్నాయి. ఆ పోరాటంలోకి బస్సు దిగిన తరువాతి అరకిలోమీటరు కూడా రావాలి. కళాశాల గేటు ముందు రోడ్డు దాటే దారి, హాస్టలు వీధికి దీపం, పేదల ఇళ్ళు వాళ్ళ పనికి దగ్గరగానే కట్టాలన్న పట్టుదల, అద్దెకిచ్చేటప్పుడు కులమతాలు అడగడానికి వీలులేని చట్టం, ఇవన్నీ ఒకే కోర్కెలోని భాగాలు. మన కవిత్వంలో పదండి ముందుకని పిలిచే కవాతులకు కొదవలేదు. ఆ కవాతు చేసేవాడికి రోడ్డు పక్కన జానెడు చోటు అడగడం మాత్రం మనకు చిన్న విషయంగా కనిపించింది.

కొత్త ఊరికి పోయే ప్రతి యువ అధ్యాపకుడికీ నేను చెప్పేది నడిచిపోయే దూరంలో ఇల్లు చూసుకోమనే. ఆరోగ్యానికీ మంచిదే, జేబుకూ మంచిదే. నడిచేవాడికి ఊరు కనిపిస్తుంది, ఊళ్ళో మనుషులు కనిపిస్తారు. పాఠం చెప్పేవాడికి అది చాలా అవసరం. కాని ఇల్లు దొరికిన తరువాత ఆ పేట మంచిదో కాదో తేల్చుకోవడానికి తన సుఖాన్ని కొలతగా పెట్టుకోవద్దు. పొద్దున ఆరుగంటలకు ఆ వీధిలోకి పనికి వచ్చే మనిషి ఎంత దూరం నుంచి, ఏ రోడ్డు మీద నడిచి వస్తోందో అడిగి తెలుసుకోవాలి. ఆమె దారి బాగుపడితే మన దారి దానంతటదే బాగుపడుతుంది. మన దారి ఒక్కటే బాగుంటే, అది ఎంత పొడవున్నా, ప్రహరీ లోపలి వాకింగే.